మెట్ట బతుకుల లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తొలకరికి ముందు, రైతు అప్పు కోసం తిరిగే రోజుల్లో రాసినవి. అందువల్ల వాటిలో దిగుబడి గురించి అడిగినవారి కంటే డబ్బు గురించి అడిగినవారే ఎక్కువ. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి, రాసినవారి పేర్లు తీసివేసి, ఆరింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది కదిరి వైపు ఒక పల్లె. నాలుగెకరాల ఎర్రనేల ఉంది. మా నాయన మూడు బోర్లు వేయించినాడు. ఒకటి రెండేళ్లు పోసి ఎండిపోయింది, ఒకదానిలో చుక్క పడలేదు, మూడోది అర్ధగంట పోసి ఆగిపోతుంది. వేరుశనగకు పెట్టిన పెట్టుబడి నాలుగేళ్లుగా తిరిగి రావడం లేదు. బంధువులు నాలుగో బోరు వేయమంటున్నారు. నీళ్లు చూసే ఆయన స్థలం కూడా చూపించినాడు. వేయాలా, వద్దా?

జవాబు: వద్దు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. బోరు విషయంలో "ఆలోచించి చూడండి" అనే సలహా విన్నవారు ఆలోచించి, చివరికి వేయించే తీరతారు.

మీ ప్రాంతంలో నేల కింద ఉన్నది గట్టి నల్లరాయి. పైన మెత్తబడిన పొరలోను, దాని కింద రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది తప్ప, లోతుకు వెళ్లేకొద్దీ ఎక్కడో ఒక చెరువు తగులుతుందనుకోవడం సరికాదు. పక్క చేనిలో నీరు పడినంత మాత్రాన ఆ పగులు మీ చేని కిందికి కూడా వచ్చిందని చెప్పలేము. ఒకవేళ వచ్చినా, అప్పుడు ఒకే కుండలోంచి ఇద్దరూ ముంచుకుంటున్నట్టే. నీళ్లు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ నిలబడినంత మాత్రాన ఈ లెక్క మారదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కావడంతో నీరు తోడడానికి ఖర్చు ఉన్నట్టే అనిపించదు. కనిపించేది తవ్వకానికి, కేసింగుకు, మోటారుకు, పైపులకు అయ్యే ఖర్చు మాత్రమే. అది కూడా నీరు పడని మరునాడే పూర్తిగా కనిపిస్తుంది. మీ నాయన చేసిన తప్పు ఏమీ లేదు. ఆయన తరానికి చుట్టుపక్కల అందరూ చూపించిన దారి అదొక్కటే. కానీ అదే దారిలో నాలుగోసారి వెళ్లడానికి మీకు అప్పు తప్ప ఆధారం లేదు.

ఇక పైనుంచి పడే నీటి లెక్క చూడండి. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే నాలుగు వేల లీటర్లకు కాస్త పైన. ఐదారు వందల మిల్లీమీటర్లు కురవవలసిన మీ ప్రాంతంలో కరువు వచ్చి 400 మిల్లీమీటర్లే కురిసినా, మీ నాలుగెకరాల మీద ఏడాదిలో పడేది 64 లక్షల లీటర్లు. అందులో ఎంత మీ మట్టిలో ఇంకింది, ఎంత మీ గట్టు దాటి వంకలో కలిసింది అన్నదే మీరు అడగవలసిన ప్రశ్న. వాలుకు అడ్డంగా దున్నడం, తెగిన గట్లు సరిచేయడం, పల్లం మూలలో ఒక పంట కుంట తవ్వుకోవడం అనే మూడు పనులకు కొత్త జ్ఞానమేమీ అవసరం లేదు. పైన పది మీటర్ల చదరంగా, రెండు మీటర్ల లోతున, వాలు గోడలతో తవ్విన కుంటలో లక్ష లీటర్లకు పైగా నీరు పడుతుంది. అంటే ఒక ఎకరానికి 25 మిల్లీమీటర్ల వానతో సమానమైన ఒకే ఒక్క తడి. ఒక్క తడితో ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. వేరుశనగలో ఊడలు దిగి కాయ ఊరే సమయంలో మూడు వారాల బెట్ట వచ్చిందంటే ఏమవుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు. పంట ఇంటికి వచ్చేదీ, మేతగా మిగిలేదీ ఆ ఒక్క తడి దగ్గరే తేలుతుంది. ఎర్రనేలలో కుంట నీరు ఎక్కువ రోజులు నిలవదన్నది నిజమే, కానీ ఇంకిన నీరు ఎక్కడికీ పోదు. ఆ మూడో బోరు ఎగువన ఒక ఇంకుడు గుంత తవ్వితే అర్ధగంట ధార మరికొంత సేపు సాగే అవకాశం ఉంది. కొత్త బోరుతో పోలిస్తే ఇది చాలా తక్కువ ఖర్చుతో అయ్యే ప్రయత్నం.

మీ ఊళ్లో ఇంకా నీరు పోస్తున్న బోర్లు కొన్నయినా ఉంటాయి. అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కొన్ని పల్లెల రైతులు ఒక ఒప్పందానికి వచ్చారు. బోరు ఉన్నవారు లేనివారి చేనికి కూడా బెట్ట సమయంలో పైపుల ద్వారా ఒకటి రెండు తడులు ఇస్తారు, దానికి బదులుగా ఆ ప్రాంతంలో కొన్నేళ్లపాటు ఎవరూ కొత్త బోరు వేయరు. పైకి చూస్తే ఇది బోరు ఉన్నవాడి త్యాగంలా కనిపిస్తుంది కానీ, పక్కన కొత్త బోరు పడితే ఎండేది ముందుగా తన బోరే అని అతనికి తెలుసు. ఇలాంటి మాట కుదరాలంటే ముందుగా నీటి మట్టం ఎంత ఉందో అందరికీ తెలియాలి. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగిన భూగర్భజల పథకంలో రైతులే వానను కొలిచి, పరిశీలన బావుల్లో మట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరందరి ఎదుట పంటల నీటి లెక్క వేసుకునేవారు. వరి వేయవద్దని అక్కడ ఎవరూ ఆదేశించలేదు. ఊరి గోడ మీద రాసిన ఆ అంకెలు చూసిన తర్వాత ఎవరి నిర్ణయం వారు తీసుకున్నారు. ఒక టేపు, ఒక రిజిస్టరు ఉంటే మీ ఊరు కూడా ఈ పని మొదలు పెట్టవచ్చు. నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరును నిషేధిస్తుందన్న సంగతి కూడా ఆ రిజిస్టరు మొదటి పుటలో రాసుకోండి.

పంట సంగతి. వేరుశనగలో రైతు నడుము విరిచేది ఎరువు కంటే ముందు విత్తనం. ఎకరానికి 60 కిలోలకు పైగా పప్పు కావాలి. కొర్రకు గొర్రుతో విత్తితే రెండు కిలోలు చాలు. వాన ముఖం చాటేస్తే రెండు కిలోల కొర్ర పోయినవాడు మళ్లీ విత్తగలడు, 60 కిలోల పప్పు పోయినవాడు వలస వెళ్తాడు. వేరుశనగను పూర్తిగా మానమని నేను అనను. మీ కదిరి పరిశోధన కేంద్రంలోనే పుట్టిన మంచి రకాలు మీకు తెలిసినవే. ఒక ఎకరంన్నరకు దాన్ని పరిమితం చేసి, అందులో కూడా కంది సాళ్లు తప్పక వేసి, మిగతా నేలలో కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, అనుము, ఆముదం కలిపి వేయండి. వానలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాల విత్తనాలను మట్టి, ఘన జీవామృతం అనే పేడ ఎరువుతో గుళికలు చేసి చల్లే పద్ధతిని ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ కార్యకర్తలు మీ జిల్లాలో నేర్పిస్తున్నారు. నేల మీద పచ్చదనం ముందే నిలబడితే తర్వాతి పంటకు తేమ, పశువుకు మేత రెండూ దక్కుతాయి. ఇవన్నీ చేసినా మంచి ఏడాదిలో మీకు వచ్చే ఆదాయం, నాలుగెకరాలూ వేరుశనగ వేసి పండించిన వాడి ఆదాయం కంటే తక్కువగానే ఉండవచ్చు. అయితే చెడ్డ ఏడాదిలో మీరు ఊళ్లోనే ఉంటారు.

ప్రశ్న: తొలకరి వానలకు గడ్డి మొలిచిన వారంలోనే నిరుడు మా మందలో బలిసిన గొర్రెలే ఎనిమిది, ముందు రోజు వరకు బాగా మేసి, తెల్లారేసరికి చచ్చి పడి ఉన్నాయి. దిష్టి అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. మీరు చెప్పిన లక్షణాలు చిటుక రోగానికి సరిపోతున్నాయి. లేత గడ్డిని ఒక్కసారిగా ఎక్కువగా మేసినప్పుడు పేగులో ఉండే సూక్ష్మజీవి విషాన్ని విడుదల చేస్తుంది. బాగా మేసే గొర్రె ఎక్కువ మేస్తుంది కనుక అదే ముందు పోతుంది. జబ్బు కనిపించాక మందుకు వ్యవధి ఉండదు. అందుచేత మే నెలలోనో, జూన్ మొదట్లోనో, అంటే గడ్డి మొలవక ముందే టీకా వేయించాలి. మొదటిసారి వేయించుకునే పిల్లలకు రెండు వారాల తర్వాత మరో మోతాదు అవసరం. టీకా వేసిన తర్వాత కూడా తొలి పది రోజులు ఉదయం ఇంటి దగ్గర కాస్త ఎండుమేత పెట్టి మందను తోలండి. ఎనిమిది గొర్రెలంటే ఒక పేద ఇంటికి బ్యాంకులో వేసిన సొమ్ముతో సమానం. టీకా విషయంలో ఊరంతటి మందలకు ఒకే రోజు ఏర్పాటు చేయమని పశువైద్యశాలలో అడగండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: మాది హుస్నాబాద్ దగ్గర ఊరు. మా ఊళ్లో పద్నాలుగు మహిళా పొదుపు సంఘాలున్నాయి. నేను గ్రామ సమాఖ్యలో లెక్కలు చూస్తాను. ఈ మధ్య ఒక సంస్థ వాళ్లు వచ్చి, అందరం కలిసి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుంటే పదిహేను లక్షలు వస్తాయని చెప్పి, సంతకాలు, ఆధార్ నకళ్లు అడుగుతున్నారు. కొందరు చేరదామంటున్నారు. మాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం తప్పు కాదు. కంపెనీ అనే ఆలోచనా తప్పు కాదు. తప్పంతా "పదిహేను లక్షలు వస్తాయి" అన్న వాక్యంలోనే ఉంది.

2020లో కేంద్రం పది వేల ఉత్పత్తిదారుల సంఘాల పథకం మొదలు పెట్టింది. దాని నియమాల ప్రకారం మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. సభ్యురాలు ఎంత వాటాధనం కడితే, రెండు వేలకు మించకుండా అంతే మొత్తాన్ని ప్రభుత్వం జతచేస్తుంది. సంఘం మొత్తానికి గరిష్ఠ పరిమితి 15 లక్షలు. ఇప్పుడు లెక్క వేయండి. పదిహేను లక్షలు రావాలంటే 750 మంది తలకు రెండు వేల చొప్పున ముందు తమ డబ్బు కట్టి ఉండాలి. మీ పద్నాలుగు సంఘాల్లో ఉన్న మహిళలందరూ కట్టినా మీరు ఆ సంఖ్యకు చేరరు. వచ్చినవారు ఈ సంగతి చెప్పారా? చెప్పకపోతే, ఆధార్ నకళ్లు ఇవ్వడానికి తొందరపడవద్దు.

మీ ఊరికి దగ్గర్లోనే ముల్కనూరు ఉంది. మీలో చాలామంది అక్కడి సహకార సంఘం బియ్యమో, అక్కడి మహిళల డెయిరీ స్వకృషి పాలో కొనే ఉంటారు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి చొరవతో ఆ సహకార గ్రామీణ బ్యాంకు మొదలైనప్పుడు అక్కడ కాలువ లేదు, ప్రాజెక్టు లేదు, ఇప్పటిలాంటి పథకాలూ లేవు. అప్పు ఇవ్వడంతో సరిపెట్టుకోకుండా సభ్యుడికి విత్తనం, ఎరువు ఇచ్చి, పండిన ధాన్యాన్ని తానే తీసుకుని, మరపట్టి, అమ్మి, బాకీ మినహాయించుకుని మిగిలినది చేతికిచ్చే పద్ధతిని ఆ సంఘం దశాబ్దాలుగా నిలబెట్టుకుంది. అప్పు తీర్చడం, పంట అమ్మడం ఒకే గడప దగ్గర జరగడం వల్ల రైతుకు దళారి దగ్గరకు వెళ్లవలసిన అవసరం తగ్గింది, సంఘానికి బాకీ మునిగిపోయే భయం తగ్గింది. ఆ తర్వాత, 1990 నుంచి ఓరుగల్లు, కరీంనగర్ పల్లెల్లో సహకార సంఘాలకు తోడ్పడే సహవికాస సంస్థ ప్రోత్సాహంతో పొదుపు సంఘాలు పెట్టుకున్న మహిళలు 2000 సంవత్సరం ఆగస్టులో తమ సొంత పాడి సమాఖ్యను ప్రారంభించారు. ఇక్కడ గమనించవలసినది వరుస. ముందు పదేళ్లు నెలనెలా చిన్న మొత్తాలు దాచుకుని, అప్పులిచ్చి రాబట్టుకుని, లెక్కలు చదివి వినిపించుకుని, ఆ తర్వాతే డెయిరీకి వెళ్లారు. లక్షల లీటర్ల యంత్రం కంటే ముందు వంద రూపాయల రిజిస్టరు వారి చేతుల్లోకి వచ్చింది.

ఆ వరుస తిరగబడితే ఏమవుతుందో కూడా మనం చూశాము. 2010కి ముందు మన పల్లెల్లో సూక్ష్మరుణ కంపెనీలు మహిళల గుంపులకు ఒకదాని మీద ఒకటిగా అప్పులిచ్చాయి. డబ్బు వచ్చింది, దానితో చేయవలసిన వ్యాపారం మాత్రం రాలేదు. వారం వారం కిస్తీ కట్టడానికి మరో కంపెనీలో అప్పు తీసుకోవలసి వచ్చింది. ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేవరకు ఆ చక్రం ఆగలేదు. అప్పు ఇచ్చేవారికి అప్పుడు కావలసింది కూడా సంతకాలు, గుర్తింపు పత్రాల నకళ్లే.

అందుచేత నా సలహా ఇది. కంపెనీ నమోదు చేయడానికి ముందు ఒక్క సీజనులో ఒక్క పంటను కలిసి అమ్మి చూడండి. మీ గ్రామంలో 120 కుటుంబాలు తలకు నాలుగు క్వింటాళ్ల కందులు అమ్ముతాయనుకుందాం: మొత్తం 480 క్వింటాళ్లు. ఊళ్లోకి వచ్చిన వ్యాపారి తరుగు పేరుతో క్వింటాలుకు రెండు కిలోలు తీసేస్తుంటే, తూకం మీ చేతిలో ఉండడం వల్ల మాత్రమే 9 క్వింటాళ్ల 60 కిలోలు మిగులుతాయి. ధర ఒక్క రూపాయి పెరగకుండానే వచ్చిన లాభమిది. ఒక ఎలక్ట్రానిక్ కాటా, తేమ చూసే మీటరు, జల్లెడ, టార్పాలిన్లు, నమ్మకమైన ఇద్దరు అమ్మాయిలు, ఇంతే మొదటి పెట్టుబడి. అయితే ఇక్కడే ఒక గుంట ఉంది, చాలా సంఘాలు అందులోనే పడ్డాయి. సభ్యులకు వెంటనే డబ్బు చేతిలో పెడతామని మాట ఇస్తే, క్వింటాలు ఏడు వేలు అనుకున్నా 480 క్వింటాళ్లకు 33 లక్షల 60 వేలు కావాలి. అంత సొమ్ము మీ దగ్గర లేదు, కొత్త సంఘానికి బ్యాంకు ఇవ్వదు. మొదటి ఏడాది సరుకు కొనవద్దు. సరుకు సభ్యురాలిదిగానే ఉంచి, శుభ్రం చేసి, తూచి, కలిపి అమ్మిపెట్టి, కొనుగోలుదారు చెల్లించిన రోజున డబ్బు పంచి, క్వింటాలుకు ఇంత అని సేవారుసుము మాత్రం తీసుకోండి. ఎదురు చూడలేని నిరుపేద సభ్యురాలికి మీ పొదుపు నిధి నుంచి సరుకు విలువలో సగం చేబదులుగా ఇవ్వండి. ఆమె ఆగలేకనే తక్కువ ధరకు అమ్ముకుంటుంది. అటువంటి ఇళ్లే ప్రతి ఊళ్లో ఎక్కువ.

మరొక సంగతి నా అనుభవం నుంచి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను పని చేసిన ఒక సంఘంలో లెక్కలన్నీ చదువుకున్న ఒక్కరి చేతిలోనే ఉండేవి. అందరూ ఆయనను నమ్మారు, నేను కూడా నమ్మాను. ఆయన దొంగ కాదు. కానీ రెండేళ్లు రాయని పద్దులను మూడో ఏడాది ఎవరూ పూడ్చలేకపోయారు. సభ్యుల్లో అనుమానం మొదలైంది, అనుమానానికి జవాబు చెప్పే కాగితం లేదు, సంఘం మూతపడింది. ఆ తర్వాత నేను ఏ ఊరికి వెళ్లినా మొదట అడిగేది ఒకటే: నిన్నటి పద్దు చూపించండి. మీరు లెక్కలు చూసేవారు కనుక ఈ మాట మీకు అర్థమవుతుంది. నెలకొకసారి, చదువురాని సభ్యురాలు కూడా విని ప్రశ్నించగలిగేలా, ఎవరి బాకీ ఎంతో పేరు పేరునా చదివి వినిపించే అలవాటు మీ సమాఖ్యలో ఉందా? ఉంటే మీరు కంపెనీ అయినా నడపగలరు, 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద సంఘమైనా నడపగలరు. రెండింటిలోనూ సభ్యురాలికి వాటాలు ఎన్ని ఉన్నా ఓటు ఒక్కటే. మీ స్థాయికి సహకార సంఘమే తేలిక అని నా అభిప్రాయం. కంపెనీకి ఏటా సమర్పించవలసిన పత్రాలు, ఆడిటరు రుసుము, ఆలస్యమైతే పడే జరిమానా చిన్న వ్యాపారానికి బరువవుతాయి.

ప్రశ్న: బాపట్ల వైపు మూడెకరాలు కౌలుకు చేస్తున్నాము. కౌలు ముందుగానే కట్టాలి. బ్యాంకుకు వెళితే భూమి కాగితం అడుగుతారు, ఆసామి సంతకం పెట్టడు. ఎరువుల కొట్టులోనే అప్పు తీసుకుని పంట కూడా ఆయనకే తోలుతున్నాము. దీన్నుంచి బయటపడే దారి ఉందా అండీ?

జవాబు: మీరు చెప్పిన ముడి ఎక్కడ పడిందో ముందు చూద్దాం. యాభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తీసుకుంటే ఏడాదికి 18 వేలు. అదే సొమ్ము పంట రుణంగా తీసుకుని గడువులోగా కడితే ఏడాదికి నాలుగు శాతం చొప్పున రెండు వేలు. కౌలు రైతుకు పోయేది ఈ పదహారు వేలు, దానికి తోడు కొట్టువాడు చెప్పిన ధరకే పంట ఇవ్వడం వల్ల పోయేది.

కిసాన్ క్రెడిట్ కార్డు నియమాల్లో నోటి మాట మీద కౌలు చేసేవారు కూడా అర్హులే. రెండు లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి అమలు చేస్తున్న నిబంధన. అయినా మేనేజరు వెనుకాడడానికి కారణం, అదే సర్వే నంబరు మీద ఆసామి ముందే పంట రుణం తీసుకుని ఉండడం. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో వచ్చిన చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రాన్ని తెచ్చింది కానీ ఆసామి సంతకాన్ని తప్పనిసరి చేసింది. కౌలు రైతును గుర్తించడానికి చేసిన చట్టం, గుర్తించాలో వద్దో ఆసామికే వదిలేసిందన్నది నా విమర్శ. ఆ పత్రం వల్ల భూమి మీద మీకు ఏ హక్కూ రాదని, దాని ఉద్దేశం అప్పు, బీమా, నష్టపరిహారం, పంట అమ్మకం మాత్రమేనని ఊరి పెద్దమనిషి ఒకరి సమక్షంలో ఆసామికి చెప్పించండి. చాలామంది ఆసాములకు ఉన్నది దురాశ కంటే భయం.

సంతకం రాకపోతే మీలాంటి నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి ఉమ్మడి బాధ్యతా బృందంగా ఏర్పడి బ్యాంకుకు వెళ్లవచ్చు. ఇందులో పూచీ భూమి కాదు, ఒకరికొకరు. కనుక బృందంలోకి బంధుత్వం చూసి కాక, గత అప్పులు తీర్చిన తీరు చూసి తీసుకోండి. ఏ దారిలో వెళ్లినా, పంట వేసిన వెంటనే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు మీ పేరున, సాగుదారుగా జరిగిందో లేదో స్వయంగా చూసుకోండి. తుపాను వచ్చాక ఆ ఒక్క నమోదు కోసం పరుగులు తీసిన కౌలు రైతులు మీ జిల్లాలోనే ఎంతోమంది.

ప్రశ్న: నారాయణఖేడ్ దగ్గర మా అత్త రెండెకరాల్లో ఇప్పటికీ జొన్న, తైదలు, కొర్రలు, సామలు వేస్తది. రేషన్‌లో బియ్యం ఉచితంగా వస్తుంటే ఈ కష్టమెందుకని మేమంటే వినదు. ఆమెకు ఎట్ల చెప్పాలె?

జవాబు: ఆమెకు చెప్పడానికి ముందు ఆమె చెప్పేది మీరు వినవలసి ఉంటుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆకలి తగ్గిందన్నది నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్నం ఉన్నవారికి మాత్రమే సాధ్యం. అయితే రేషన్ బియ్యంతో పశువుకు చొప్ప రాదు. జొన్న చేను మనిషికి రొట్టెను, ఎద్దుకు ఏడాది మేతను కలిపి ఇస్తుంది. చొప్ప లేని ఇంట్లో మొదట పశువు పోతుంది, తర్వాత పెంట ఎరువు పోతుంది, ఆ తర్వాత ఎరువుల కొట్టులో అప్పు మొదలవుతుంది.

మీ పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ అభివృద్ధి సంఘంతో కలిసి పనిచేసిన దళిత మహిళా సంఘాలు 1990 దశకం నడుమ ఒక పని చేశాయి. బీడుపడిన తమ భూముల్ని సాగులోకి తెచ్చుకోవడానికి సంఘం అప్పు ఇచ్చింది. ఆ అప్పును వారు జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నల్ని ఊళ్లోనే నిలవ చేసి, ఎవరు ఎంత పేదవారో ఊరివారే కూర్చుని నిర్ణయించి, తక్కువ ధరకు పంచారు. బియ్యం ఎక్కడి నుంచో రావలసిన అవసరం లేకుండా నడిచిన రేషన్ అది. విత్తనాల నిధి కూడా వారిదే. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వారికి దక్కింది.

మీ అత్త పడే కష్టం నిజమైనదే. ఊరంతా పత్తి వేసి, ఆమె ఒక్కతే జొన్న వేస్తే పిట్టలన్నీ ఆ రెండెకరాల మీదే వాలుతాయి. కొర్రలు, సామలు దంచడం ఆడవారి భుజాలను అరగదీసే పని. ఆమెను మానమని చెప్పే బదులు పక్క చేలవాళ్లు ఇద్దరిచేత కూడా జొన్న వేయించండి, పొట్టు తీసే చిన్న మిల్లు మీ మండలంలో ఎక్కడుందో కనుక్కుని మూటలు మీరు మోయండి. ఆమె దగ్గర ఉన్న పచ్చజొన్న, సామ విత్తనాన్ని ఈ ఏడాది ఒక కుండెడు మీరూ దాచిపెట్టుకోండి.

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాము. మా ఊరి నుంచి వచ్చిన పన్నెండు మందిమి కలిసి ఊరికి ఏదైనా శాశ్వతంగా చేయాలనుకుంటున్నాము. ఊరి ముఖద్వారం దగ్గర కమాను, కల్యాణ మండపం అనుకుంటున్నాము. మీ సలహా?

జవాబు: కమాను శాశ్వతంగానే ఉంటుంది, దాని కింది నుంచి వలస వెళ్లేవారు కూడా అంతే శాశ్వతంగా ఉంటారు. మీ ఉద్దేశం మంచిది కనుక కొంచెం కటువుగా రాశాను.

ఈసారి సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు పంచాయతీ అరుగు మీద కాక, భూమి లేని ఇళ్ల వైపు వెళ్లి, ఏ నెలలో అప్పు చేస్తారో, ఎందుకు చేస్తారో పది ఇళ్లలో అడగండి. బడి ఫీజుకనో, ఆస్పత్రికనో, విత్తనానికనో జవాబు వస్తుంది. ఎక్కువమంది చెప్పిన ఆ ఒక్క అవసరానికి గ్రామ సమాఖ్య దగ్గర తిరుగుడు నిధి ఒకటి పెట్టండి. దాన్ని తిరిగి చెల్లించే నియమాలు వారే పెట్టుకోవాలి, మీరు కాదు. మొత్తం సొమ్మును మొదటి ఏడాదే పంపవద్దు. మొదటి విడత తిరిగి వచ్చిందన్న పద్దు చూసిన తర్వాతే రెండో విడత పంపండి.

చట్టం సంగతి ఒకటి మరచిపోవద్దు. మీలో భారత పౌరసత్వం ఉంచుకున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ తప్ప దాన్ని తీసుకోకూడదు. తెలియక తీసుకున్న గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చిక్కుల్లో పడుతుంది. కనుక మీ పన్నెండు మందిలో ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందుగా ఒక జాబితా రాసుకుని, ఆ తర్వాతే ఊరికి ఫోన్ చేయండి.